ఐదో గిన్నె

డిసెంబర్ 8, ఆదివారం

మా దేశంలో సర్కారు కూలిపోయింది. పొద్దున్నే మా ఆయన షెమ్దీన్ ఫోన్ పట్టుకుని వంటింట్లోకి పరుగెత్తుకొచ్చి చెప్పాడు. యాభై ఏళ్ళు మా పీకల మీద కూర్చున్నవాళ్ళు విమానమెక్కి పారిపోయారట. షెమ్దీన్ ఏడుస్తున్నాడు, నవ్వుతున్నాడు. కింద పార్కింగులో అప్పుడే మావాళ్ళు కారు హారన్లు మోగిస్తున్నారు. ఈ ఊళ్ళో జర్మనులు ఆదివారం పూట తుమ్మడానికి కూడా భయపడతారు, ఇవాళ మాత్రం ఎవరూ కిటికీ తెరిచి అరవలేదు.

"నీకు సంతోషంగా లేదా బెస్నా?" అన్నాడు.

సంతోషమే. ఎవరికుండదు? నేను ఉల్లిపాయలు తరుగుతున్నాను. మూడు చాలు, ఎనిమిది తరిగాను.

మధ్యాహ్నానికి జైళ్ళ తలుపులు తెరిచేశారని కబురు వచ్చింది. బాత్రూంకి వెళ్ళాలన్నా నా భుజం పట్టుకునే అమ్మ ఒక్కతే లేచి నిలబడింది.

"పదకొండేళ్ళు! చెక్‌పోస్టు దగ్గర బస్సు దింపి తీసుకుపోయారు నా కొడుకుని. రెండు నిమిషాల్లో పంపించేస్తామన్నారంట. అయ్యాయే ఆ రెండు నిమిషాలు! వస్తున్నాడు మిస్తో!"

పై అంతస్తు నుంచి మిస్తో పెళ్ళాం ఖెజాల్ దిగి వచ్చింది, కూతుర్ని వెంటేసుకుని. ముగ్గురూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. నేను అన్నం కలుపుతున్నానని చెప్పి లోపలే ఉన్నాను.

డిసెంబర్ 9

అమ్మ రోజంతా వీడియోలు చూస్తోంది. ఫోన్‌ని ముక్కుకి ఆనించుకుని మరీ. ఎముకల గూళ్ళలాంటి మనుషులు, వెలుతురుకి చేతులు అడ్డం పెట్టుకుంటున్నారు. ఒకడికి తన పేరే గుర్తులేదట. అమ్మ ఆ వీడియోని ఆపి నన్ను పిలిచింది.

"ఈ చెవి చూడవే. ఇది మనింటి చెవి. మీ నాన్నదీ ఇంతే కదా."

"కాదమ్మా."

"నువ్వు సరిగా చూడలేదు."

"చూశాను. కాదు."

"రాయి మింగినట్టు ఉంటావేమే నువ్వు? నీ తమ్ముడు కాడూ?"

ఈ వీడియోలు తీసి పెట్టేవాళ్ళ చేతులు విరిగిపోనూ. వెనకాల సంగీతం కూడా పెడుతున్నారు, వెధవలు.

డిసెంబర్ 12, గురువారం

డ్యూటీ ఆరు నుంచి రెండు. వచ్చి హల్వా చేశాను. నాలుగు గిన్నెలు. అడుగున కాస్త మిగిలితే కింది అంతస్తులో హిన్రిక్స్ గారికిచ్చాను. పారేయడం ఎందుకు.

డిసెంబర్ 14

ఖెజాల్ జుట్టుకి రంగు వేసుకుంది. అంతటితో ఆగలేదు, బజారుకెళ్ళి మగవాళ్ళ కోటు ఒకటి కొనుక్కొచ్చింది. నీలం రంగు, భుజాలు ఇంత వెడల్పు. "చిక్కిపోయి ఉంటారు వదినా, అయినా పాత కొలతే తీసుకున్నాను. తిని ఒళ్ళు చేస్తారు కదా," అని నా ముందు పరిచి చూపించింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. నిరుడు ఈవిడే కాదూ, బస్సు డ్రైవర్ని చేసుకుంటానని వచ్చి అమ్మ ముందు తలొంచుకు కూర్చున్నది? భర్త బతికి ఉండగా ఆ మాట అనడానికి నోరెలా వచ్చిందని మావాళ్ళందరి ముందూ నేనే కడిగేశాను. ఊరంతా మెచ్చుకుంది నన్ను. తమ్ముడి పరువు కాపాడిన అక్క! ఇవాళేమో డ్రైవర్ని రావద్దని చెప్పేసిందట, మొగుడొస్తున్నాడని. గాలి ఎటు వీస్తే అటు. సిగ్గుండాలి. రంగేసుకుని, కోటు కొనుక్కుని, పద్దెనిమిదేళ్ళ పిల్లలా మెట్లెక్కుతూ పాట పాడుకుని...

ఆమె మీద నాకింత కోపం దేనికి. ఏం చేసిందని.

డిసెంబర్ 15

నిన్న రాసింది కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ.

ఇవాళ అఫ్రిన్ ఊరి నుంచి వచ్చినవాళ్ళింట్లో పెద్దావిడ పోయింది. అమ్మని తీసుకెళ్ళాను. ఈ ఊళ్ళో మావాళ్ళలో ఎవరు పోయినా మా అమ్మ జైనో వచ్చి శోకం పాడాల్సిందే, లేకపోతే పోయినట్టు కాదు. పాడేముందు అమ్మ ప్లీడరులా ఆరా తీస్తుంది. ఎలా పోయింది, ఆఖరి గుక్క నీళ్ళెవరు పోశారు, తల ఎవరి ఒళ్ళో ఉంది, ఏ పక్కకి తిరిగి ఉంది. "తెలీకుండా పాడితే అది పాట కాదే, గోల," అంటుంది. తెలిశాక కళ్ళు మూసుకుని మొదలెడుతుంది. పోయినవాళ్ళకి కథంతా చెబుతుంది, ఇంట్లో వాళ్ళ పేర్లు ఒక్కొక్కటే పాటలోకి వస్తాయి. నీ పెద్ద కొడుకు మందులు తెచ్చాడు, నీ చిన్న కోడలు నిద్ర కాసింది, నీ అల్లుడు ఫోనెత్తలేదు. ఎవరినీ వదలదు. తిట్టాల్సినవాళ్ళని కూడా అందులోనే తిడుతుంది. అలా తిట్టించుకున్నాక ఇక బయట ఎవరూ ఏమీ అనరు, అది మా పద్ధతి.

ఇంటికొచ్చే దారిలో అమ్మ, "దేవుడు మంచివాడు, నా బిడ్డకి పాడే రాత నాకు రాయలేదు," అంది. నేను బస్సు బటన్ రెండుసార్లు నొక్కాను. ఆ డ్రైవరెవరో అద్దంలోంచి విసుక్కున్నాడు. వాడినీ తిట్టుకున్నాను.

డిసెంబర్ 17

షిలాన్‌కి పదేళ్ళు. మిస్తోని తీసుకుపోయినప్పుడు తల్లి కడుపులో ఉంది.

"అత్తా, నాన్న నన్ను గుర్తుపడతారా?"

"హోంవర్క్ అయిందా?"

"అయింది. గుర్తుపడతారా?"

"అయితే పళ్ళు తోముకుని పడుకో."

"అత్తా, ఇప్పుడు టైము నాలుగు."

డిసెంబర్ 19, గురువారం

హల్వా. నాలుగు గిన్నెలు. షిలాన్ గరిటె నాకబోతే అమ్మ చేతి మీద ఒక్కటిచ్చింది. "పోయినవాళ్ళ పేరు మీద చేసింది ఇంటివాళ్ళు ముట్టకూడదు. పరాయివాళ్ళు తింటేనే వాళ్ళకి చేరేది."

కిందికి కాస్త.

డిసెంబర్ 20

ముసలాళ్ళ ఆశ్రమంలో ఇవాళ పండగ కేకు. మా సూపర్‌వైజర్ నోటినిండా కేకు పెట్టుకుని అడిగింది, "అయితే ఇప్పుడు మీరంతా మీ దేశం వెళ్ళిపోతారన్నమాట?" తొమ్మిదేళ్ళుగా ఈ దేశంలో ఉన్నాను. వాళ్ళ భాషలో పరీక్షలు రాశాను, వాళ్ళ తల్లిదండ్రుల ముడ్డి కడుగుతున్నాను, మా అమ్మ పేరు మర్చిపోయినా వాళ్ళ మందుల పేర్లు మర్చిపోను. సర్కారు కూలి రెండు వారాలు కాలేదు, దీనికి అప్పుడే మా ప్రయాణం గుర్తొచ్చింది. వెళ్తానమ్మా వెళ్తాను, రేపట్నించీ నాలుగో గదిలో తాతగారి డైపర్ నువ్వు మార్చు.

అనలేదు. "చూద్దాం," అన్నాను. కేకు తిన్నాను. బాగుంది కూడా. దాని మీద ఇంకా కోపమొచ్చింది.

డిసెంబర్ 22

అమ్మ వెళ్తానంటోంది. డమాస్కస్. టికెట్ కూడా ఎవరితోనో చెప్పి తీయించేసుకుంది, జనవరి పదకొండు.

షెమ్దీన్ నచ్చజెప్పబోయాడు. "అత్తయ్యా, మనం శరణార్థులం. అక్కడ అడుగు పెడితే ఇక్కడ కాగితాలు పోతాయి. మళ్ళీ రానివ్వరు."

"పోతే పోనీరా. ఈ కార్డు నన్ను కన్నదా, నేను దీన్ని కన్నానా?"

"మీకు గుండె ఆపరేషన్ అయింది. మందులు అక్కడ దొరకవు."

"జైలు గేటు దగ్గర కూర్చుంటాను. పేరు కూడా మర్చిపోయి తిరుగుతున్నారంట పిల్లలు. నేను పిలిస్తే వాడికి గుర్తొస్తుంది. మీరెవరూ రావక్కర్లా."

ఖెజాల్ తనూ వస్తానంది. ఉద్యోగం? బడి? దానికేం పట్టలేదు. కొత్త కోటు సంచిలో పెట్టేసింది.

నేను అరిచాను. ఏమని అరిచానో గుర్తులేదు. అమ్మ నా వైపు వింతగా చూసి, "నీకు నీ తమ్ముడు రావడం ఇష్టం లేదా ఏంటే?" అంది.

డిసెంబర్ 26, గురువారం

హల్వా. కిందికి.

డిసెంబర్ 27

ఇక రాయాలి. ఈ పుస్తకాన్ని నేను తప్ప ఎవరూ చదవరు. అమ్మకి చదువు రాదు, షెమ్దీన్‌కి మా భాషలో రాసింది చదవడం రాదు, చిన్నప్పుడు ఆ సర్కారు బళ్ళో ఎవరికీ నేర్పనివ్వలేదుగా. నేను కూడా ఈ దేశం వచ్చాకే నేర్చుకున్నాను. నేర్చుకుని మొట్టమొదట రాసింది ఏమిటంటే, ఒక పేజీ. రాసి, చించి, మింగేసినంత పని చేశాను. అదే మళ్ళీ రాస్తున్నాను.

2017 ఫిబ్రవరి. మంగలి రెషో అని ఒకతను, ఇక్కడికొచ్చినా నేను మార్చని పాత నంబరుకి ఫోన్ చేశాడు. జైలు నుంచి విడుదలై పది రోజులైందన్నాడు. మిస్తో ఉన్న గదిలోనే ఉన్నాడట. రెండో చలికాలం, జనవరిలో, మిస్తో దగ్గి దగ్గి పోయాడు. తల రెషో ఒళ్ళో ఉంది. పోయేముందు అక్క ఫోన్ నంబరు రెషో చేత వంద సార్లు వల్లె వేయించాడట. "ముందు అక్కకి చెప్పు. అమ్మకెలా చెప్పాలో అక్క చూసుకుంటుంది," అన్నాడట.

నేను చూసుకున్నాను. ఎంత చక్కగా చూసుకున్నానని!

అప్పుడు అమ్మ, ఖెజాల్, పిల్ల సరిహద్దు అవతల గుడారంలో ఉన్నారు. మా ఊరు కొబానీ నుంచి కట్టుబట్టలతో దాటినప్పటి నుంచీ అక్కడే. సరిగ్గా ఆ నెలలోనే జర్మనీ తీసుకునే జాబితాలో వాళ్ళ పేర్లు వచ్చాయి. అమ్మ రానంది. కొడుకు కబురు తెలిసేదాకా ఆ గుడారం వదిలేది లేదంది. పిల్లకి నిమోనియా. జాబితాలో ఒకసారి కాదంటే మళ్ళీ పేరు రాదు. నేను ఫోన్లో చెప్పేశాను. "కబురు తెలిసిందమ్మా. బతికే ఉన్నాడు. జైల్లో ఉన్నాడు. మా అడ్రసు వాడికి చేరింది, వదిలితే నేరుగా ఇక్కడికే వస్తాడు." కింద పోస్టు డబ్బా మీద మా పేర్ల కింద మిస్తో పేరు కూడా నా చేత్తోనే రాసి అంటించాను. దిగిన రోజున నేను చూపిస్తే అమ్మ ఆ పేరుని తడిమి ముద్దుపెట్టుకుంది.

అబద్ధమాడి వాళ్ళని బతికించాను. అది తప్పా? ఎవరినన్నా నా ముందు నిలబడి తప్పని చెప్పమనండి.

ఏడాది ఆగి చెబుదామనుకున్నాను. అమ్మ గుండె ఆపరేషన్ వచ్చింది. తర్వాత కరోనా. తర్వాత మా దేశంలో భూకంపం. చావు కబురు చెప్పడానికి మంచి రోజు కోసం చూస్తూ కూర్చున్నాను, పెళ్ళి ముహూర్తంలాగా. ఈలోగా ఖెజాల్ డ్రైవర్ సంగతి తెచ్చింది. అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు సరికదా, దాన్ని అంతమంది ముందు అనకూడని మాట అన్నాను. విధవ అయిన మనిషిని, విధవని తెలిసి, మొగుడు బతికుండగా సిగ్గులేదా అన్నాను. నేనే అన్నాను.

ముందు అక్కకి చెప్పు అన్నాడు. ముందు అన్నాడు గాని, అక్కకి మాత్రమే అనలేదు.

అమ్మ మా ఇంట్లో పోయిన నలుగురికీ నాలుగు గిన్నెలు లెక్కపెట్టి పంపుతుంది. వాడి పేరు మీద ఏమీ పంపదు. బతికున్నవాళ్ళ పేరు మీద పెడితే అరిష్టం కదా. అందుకని ఏడేళ్ళుగా ఐదోది కిందికి నేనే ఇస్తున్నాను. అడుగున మిగిలింది కాదు. ముందే తీసి పక్కన పెడతాను, నెయ్యి ఒక చెంచా ఎక్కువేసి.

డిసెంబర్ 30

అమ్మ పాస్‌పోర్టు తీసుకెళ్ళి ఆశ్రమంలో నా లాకర్‌లో పెట్టాను. అది లేకుండా ఎలా ఎక్కుతుందో చూస్తాను.

ఇంతకన్నా ఏం చేయను.

జనవరి 2, గురువారం

రెండు షిఫ్టులు. సెలవుల్లో అందరికీ జ్వరాలే, నాకు తప్ప. మధ్యలో గంట దొరికితే ఇంటికొచ్చి హల్వా చేసి, కిందికిచ్చి పరుగెత్తాను. మామూలుగా సాయంత్రం ఆవిడ తలుపు ముందు పెట్టిన ఖాళీ గిన్నె నేనే తెచ్చుకుంటాను. ఇవాళ మర్చిపోయాను.

జనవరి 3

డ్యూటీ నుంచి వచ్చేసరికి హిన్రిక్స్ గారు మా సోఫాలో కూర్చుని ఉన్నారు. ఏడేళ్ళలో మొదటిసారి మెట్లెక్కి వచ్చారు. బల్ల మీద మా నీలం అంచు గిన్నె, దాన్నిండా ఆపిల్ కేకు ముక్కలు. పక్కన షిలాన్ కూర్చుని ఇటు మాట అటు చెబుతోంది. అమ్మ నవ్వుతోంది.

"ఖాళీ గిన్నె పంపలేదు చూశావా, మర్యాద తెలిసిన మనిషి," అంది నాతో.

షిలాన్ అంటోంది, "నానమ్మా, ఆవిడ గురువారం అసలు వంటే చేసుకోరంట. మనం పంపే తీపే తింటారంట. చాలా థాంక్స్ అంటున్నారు."

"ఏ తీపి?"

"హల్వా."

"మనం కిందికి పంపం కదే. మనవి నాలుగూ ఎదురు బిల్డింగుకి కదా వెళ్ళేది."

షిలాన్ అడిగింది. హిన్రిక్స్ గారు నన్ను చూపించి, చేతులు జోడించినట్టు పెట్టి, ఏదో ప్రేమగా అన్నారు. షిలాన్ చెప్పింది, "అత్త ఇస్తుందంట. మనం వచ్చిన ఏడాది నుంచీ. ఒక్క గురువారం కూడా తప్పలేదంట."

అమ్మ ఇంకా నవ్వుతూనే ఉంది, మర్యాద కోసం. ఆవిడ వెళ్ళేదాకా నవ్వుతూనే ఉంది. తలుపు వేశాక చేతివేళ్ళు ముడవడం మొదలెట్టింది.

"మీ నాన్న. మీ నానమ్మ. మా తమ్ముడు. మన చిన్నది, నెల తిరక్కుండా పోయింది. నాలుగు." బొటనవేలు మిగిలింది. దాన్ని నా మొహం ముందు పెట్టింది. "ఇదెవరిదే?"

"మిగిలింది అమ్మా. అడుగంటింది పారేయలేక..."

"ఏడేళ్ళు మిగిలిందా? అడుగంటింది ఎవరన్నా నీలం అంచు గిన్నెలో పెట్టిస్తారా? ఎవరిదే బెస్నా?"

షిలాన్‌ని పైకి వెళ్ళమన్నాను. వెళ్ళలేదు. అమ్మ తన బొటనవేలిని తనే చూసుకుంది.

చెప్పు తీసి కొట్టింది. చెంప మీద. రెండోసారి ఎత్తితే చెప్పు జారి కింద పడిపోయింది. తీసి ఆమె చేతికిచ్చాను. కొట్టలేదు.

"ఎప్పుడు పోయాడు?"

"పదేళ్ళవుతోంది."

"నీకెప్పుడు తెలుసు?"

"నువ్వు ఇక్కడికి రాకముందే."

"ఎవరు చెప్పారు?"

"ఎవరో. వాడితో ఉన్నవాడు. ఫోన్ చేశాడు."

"ఫోన్ కలుపు."

"నంబరు లేదమ్మా. ఎప్పుడో పోయింది."

నంబరుంది. నా ఫోన్లో 'పళ్ళ డాక్టరు' అని ఉంటుంది. రెషో ఏటా పండక్కి ఫోన్ చేసి, అమ్మకి చెప్పావా అక్కా అని అడుగుతాడు. మొదటి ఏడాదే చెప్పేశానన్నాను, అమ్మ ఓర్చుకుందన్నాను. ఇద్దరూ మాట్లాడుకుంటే నా బతుకేం కావాలి?

జనవరి 4

ఇంత జరిగాక కూడా అబద్ధమాడాను. నోటికి అలవాటైపోయింది.

జనవరి 5

ఖెజాల్ వచ్చింది. కోటు తెచ్చి నా ఒళ్ళో పడేసింది.

"నువ్వే తొడుక్కో వదినా. నీకే సరిపోతుంది."

"ఖెజాల్, నా మాట విను..."

"నీ మాటే విన్నాను ఏడేళ్ళు. నేనొచ్చినప్పుడు నాకు ముప్పై ఒకటి. ఇప్పుడు ముప్పై ఎనిమిది. నీ తమ్ముడికి ఒక్క రోజు శోకం పెట్టనిచ్చావా నన్ను? పిల్లకి నాన్న వస్తాడని చెప్పించావు నా చేత. ఆ రోజు అందరి ముందూ నన్నేమన్నావో మళ్ళీ అను. ఇప్పుడను."

నేను ఏమనాలి? కాళ్ళ మీద పడాల్సింది. నేనేమన్నానంటే, "నేను అలా చెప్పకపోతే ఆ గుడారంలో నీ కూతురు చచ్చి ఉండేది, తెలుసా!" అని కేకలేశాను. తప్పూ నాదే, అరుపూ నాదే.

అది అరవలేదు. గుమ్మం దగ్గర ఆగి, "ఆయన పేరు జమీల్. ఒక్కసారన్నా పేరు పెట్టి అన్నావా వదినా? బస్సు డ్రైవరు, బస్సు డ్రైవరు," అంది. వెళ్ళిపోయింది.

షెమ్దీన్ కూడా మాట్లాడడం లేదు. పక్కలో నాతోపాటు పడుకున్నవాడికి ఎనిమిదేళ్ళు చెప్పలేదని. పోనీ. ఎవరూ మాట్లాడకండి.

జనవరి 12, ఆదివారం

మూడు రోజుల పరామర్శ అయిపోయింది. పెళ్ళిళ్ళ హాలు తీసుకున్నారు, గోడల మీద బంగారు రంగు పూలు, వాటి కింద మిస్తో ఫొటో. ఎనభై మైళ్ళ నుంచి కూడా వచ్చారు జనం. ఆడవాళ్ళ వైపు చాప మీద అమ్మ, ఒక పక్క ఖెజాల్, ఒక పక్క షిలాన్. నేను కూర్చోబోతే అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వు అందరికీ కాఫీ పొయ్యి," అంది.

పోయినవాడి అక్కని. తోబుట్టువుని. ద్వారం దగ్గర నిలబడి, వచ్చినవాళ్ళకి చేదు కాఫీ పోశాను, మూడు రోజులూ, కూలిమనిషిలా. ఎవరూ ఏమీ అడగలేదు. అందరికీ తెలుసు.

అందరూ అమ్మ పాట కోసం ఎదురుచూశారు. ఊరందరి చావులకీ పాడిన జైనో సొంత కొడుక్కి ఎలా పాడుతుందోనని. మొదటి రోజు పాడలేదు. రెండో రోజు పాడలేదు. ఇవాళ సాయంత్రం చుట్టాల్లో ఒకావిడ తట్టుకోలేక తనే అందుకుంది. అమ్మ చెయ్యెత్తి ఆపేసింది.

"నా బిడ్డకి నేనే పాడాలి. కానీ ఏమని పాడను? నీళ్ళెవరు పోశారో తెలీదు. తల ఎక్కడ పెట్టాడో తెలీదు. ఏ పక్కకి తిరిగి పోయాడో తెలీదు. నాకు తెలిసిందల్లా బస్సు దిగాడని. బస్సు దిగినవాడికి శోకం పెడతారా ఎక్కడన్నా?"

నా జేబులో ఫోనుంది. ఫోన్లో పళ్ళ డాక్టరు ఉన్నాడు. నా చేతిలో కాఫీ జగ్గు ఉంది. పోసుకుంటూ పోయాను.

జనవరి 13

విమానం ఎలాగూ పదకొండునే వెళ్ళిపోయింది. పాస్‌పోర్టు తెచ్చి అమ్మ సొరుగులో పెట్టేశాను. అడగలేదు.

జనవరి 14

నేను చెడ్డదాన్నా? ఆశ్రమంలో ముసలావిడ ఒకామె ఇవాళ నా చేతిని పట్టుకుని, నువ్వు మంచి పిల్లవి అంది. ఆవిడకి మతిమరుపు. ఆ మాటకి కూడా కోపమొచ్చింది.

జనవరి 16, గురువారం

మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను. నాలుగు దాటింది.

డ్యూటీ నుంచి రెండింటికి వచ్చాను. వంటింట్లో నెయ్యి వాసన. అమ్మ తనే నిలబడి హల్వా కలుపుతోంది, మోకాళ్ళకి గుడ్డలు చుట్టుకుని. నేను గరిటె అందుకోబోతే మోచేత్తో తోసింది. ఐదు గిన్నెలు వరసగా పెట్టింది, ఐదూ నీలం అంచువే. నాలుగు షిలాన్ చేత ఎదురు బిల్డింగుకి పంపింది. ఐదోది కిందికి పంపుతుందనుకున్నాను. తెచ్చి నా ముందు పెట్టింది.

"తిను."

"అమ్మా, ఇది మనం ముట్టకూడదు కదా."

"ఇంటివాళ్ళు ముట్టకూడదు. నువ్వు తిను."

పదమూడు రోజుల్లో, ఆ కాఫీ మాట తప్ప, నాతో అన్న మాటలు అవే. తలెత్తి చూశాను. కళ్ళలో ఒక్క చుక్క లేదు. నువ్వు ఈ ఇంటిదానివి కావని చెబుతోంది, వాడి పేరు మీద అన్నం పెడుతూనే చెబుతోంది. గిన్నె తీసి గోడకేసి కొడదామన్నంత కోపం వచ్చింది నాకు. ఏడేళ్ళు నేను కాదూ వాడికి పెట్టింది? ఈ ఇంట్లో వాడు చచ్చాడని తెలిసి రోజూ లేచి పనికి పోయింది నేను కాదూ? మీరంతా ఆశతో బతికారు, మరి నేను?

తిన్నాను. మొత్తం తిన్నాను. అమ్మ పక్కనే నిలబడి ఆఖరి ముద్ద దాకా చూసింది. గిన్నె కోసం చెయ్యి చాపింది. ఇవ్వబోయాను. తీసుకోలేదు.

"ఖాళీ గిన్నె ఇస్తావా?" అంది. "కింద జర్మను ముసల్దానికున్న మర్యాద కూడా లేదా నీకు?"

అప్పుడు ఏమైందో తెలీదు. ఫోన్ తీశాను. పళ్ళ డాక్టరుని నొక్కాను. స్పీకర్ పెట్టి, గిన్నెలో పెట్టి, గిన్నె రెండు చేతులతో అమ్మకిచ్చాను. రెండుసార్లు మోగింది.

"అక్కా? బాగున్నావా అక్కా? అమ్మ ఎలా ఉంది?" అన్నాడు రెషో.

అమ్మ గిన్నెని దించలేదు. దానివైపే చూస్తూ, "నాయనా, నేను మిస్తో అమ్మని," అంది. "నా కూతురు నీకేం చెప్పిందో నాకు తెలీదు. నాకెవరూ ఏమీ చెప్పలేదు. మొదటి రోజు నుంచీ చెప్పు. ఏదీ వదలొద్దు."

నన్ను చూసి, గడ్డంతో తలుపు చూపించింది. బయటికొచ్చాను. లోపల గడియ పడింది. కాసేపటికి ఖెజాల్ మెట్లు దిగి వచ్చి, నన్ను దాటుకుని, తలుపు కొట్టింది. దానికి తీశారు. షిలాన్ ఎదురింటి నుంచి వచ్చింది. దానికీ తీశారు.

గంట పైనే చెప్పాడు రెషో. ఈ తలుపులు పల్చన, గొంతు వినిపిస్తుంది, మాటలు వినపడవు. మధ్యమధ్య అమ్మ ఆపి అడుగుతోంది, ప్లీడరులా. తర్వాత అంతా ఆగిపోయింది. నాకు భయమేసింది, గుండె ఆపరేషన్ గుర్తొచ్చి లేచి నిలబడ్డాను.

అప్పుడు మొదలెట్టింది.

కింద హిన్రిక్స్ గారు తలుపు తీసి పైకి చూశారు. నేను వేలు పెదాల మీద పెట్టాను. ఆవిడ తలుపు వేసుకోలేదు, చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని అక్కడే నిలబడ్డారు.

"ఓ మిస్తో, ఓ నా కొడకా, అరవై మంది గదిలో నీకు జానెడు గోడ దొరికిందా నాయనా. మంగలి రెషో ఒడి నీకు తలగడైందా. మూతలో నీళ్ళు పోశాడంట, మూడు చుక్కలు, రెండు తాగావంట, ఒకటి వదిలావంట..."

నాన్న పేరు వచ్చింది. చిన్నది వచ్చింది. కొబానీలో మా దానిమ్మ చెట్టు వచ్చింది. షిలాన్ పేరు వచ్చింది, బళ్ళో లెక్కల్లో మొదటిదని కూడా చెప్పింది వాడికి. ఖెజాల్ పేరు వచ్చింది. "నీ కోసం పదకొండేళ్ళు కూర్చుంది కొడకా, ఇక చాలు, చెయ్యి పట్టుకుని నేనే పంపుతాను, జమీల్ మంచివాడంట, నువ్వు అడ్డం పడకు," అంది. లోపల ఖెజాల్ ఒక్కసారి పెద్దగా ఏడ్చింది.

నా పేరు ఇంకా రాలేదు. వస్తుంది. ఎవరినీ వదలదు అమ్మ. ఏమని తిడుతుందో తెలీదు. వచ్చేదాకా ఇక్కడే కూర్చుంటాను.